మోచేయి పెట్టి చూసిన నీళ్ళు

ముందుగా ఒక మాట. నేను నాలుగో తరగతి వరకే చదువుకున్నాను. అయిదో తరగతి పుస్తకాలు తెచ్చుకున్నాను గానీ తెరవలేదు. కాబట్టి ఇందులో ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోయి ఉంటాయి. ఎక్కడ చుక్క పెట్టాలో కూడా నాకు సరిగా తెలియదు. చదివేవాళ్ళు కోపం తెచ్చుకోవద్దు. ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. దీనికి ముందు నేను రాసిన పెద్ద రాత రేషన్ కార్డు దరఖాస్తు. అది వాపసు వచ్చింది.

నా పని పసిపిల్లలకు నీళ్ళు పోయడం. సూర్యాపేటలో ఉంటాను. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుని నూనె రాస్తాను, శెనగపిండి రుద్దుతాను, నీళ్ళు పోస్తాను, సాంబ్రాణి పొగ వేస్తాను. ఇంతే పని. ఇది రాయమన్నది కోదాడలో ఒక టీచరమ్మ. ఆమె బిడ్డకు నేను నీళ్ళు పోశాను. నేను మాట్లాడుతుంటే ఒకరోజు ఆపి, "ఒకసారి పానం అంటావు, ఒకసారి పెయ్యి అంటావు. ఏది ఎప్పుడంటావో రాసిపెట్టు" అంది. నోటుబుక్కు కూడా ఇచ్చింది. నోటుబుక్కు తీసుకున్నాక రాయకపోతే బాగుండదు.

మా దగ్గర ఒంటిని పెయ్యి అంటారు. కోదాడ వైపు ఒళ్ళు అంటారు. దవాఖానలో బాడీ అంటారు. నా భర్త మిర్యాలగూడలో రైస్ మిల్లులో హమాలీ. ఆదివారం ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని "పెయ్యంత పచ్చి పుండయింది" అంటాడు. ఒకసారి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ "బాడీ పెయిన్సా?" అని అడిగాడు. "కాదు సారు, పెయ్యి నొప్పులు" అన్నాడు మా ఆయన. డాక్టర్ ఏదో రాసుకుని గోలీలు ఇచ్చాడు. తగ్గింది.

పానం అనే మాటకు పని ఎక్కువ. జ్వరం వస్తే పానం బాగలేదంటాం. ఎవరైనా సతాయిస్తే పానం తీస్తున్నరంటాం. చుట్టాలు ఊరికి పోతే పానం గుంజుతున్నదంటాం. కదిలిపోతున్న బస్సు మళ్ళీ ఆగితే పానం లేచొచ్చిందంటాం. ఒక్క రోజులో నా పానం ఎన్నిసార్లు పోయి ఎన్నిసార్లు వస్తుందో నాకే తెలియదు. మనిషి నిజంగా పోతే మాత్రం గొంతు తగ్గించి "జీవి పోయింది" అంటాం.

ఆత్మ అనే మాట నాకు అంతగా తెలియదు. ఆ అక్షరాలను బస్సు బోర్డు మీదే ఎక్కువ చూశాను. అది ఆత్మకూర్ (ఎస్) పోయే బస్సు. నాకు పని నేర్పిన ముసలామెది ఆ ఊరే.

ఆమెను నేను పెద్దవ్వ అనేదాన్ని. ఆమె నాకు చుట్టం కాదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పని పడుతుంది. పెళ్ళయి సూర్యాపేట వచ్చినప్పుడు మా పక్క గదిలో ఉండేది. కొడుకు లారీ డ్రైవర్, నెలకు నాలుగు రోజులు కనబడతాడు. కోడలు కూరగాయల బండి పెట్టుకుంది. అత్తాకోడళ్ళు రోజూ పోట్లాడుకునేవాళ్ళు. ఒకరు రాకుండా ఇంకొకరు అన్నం తినేవాళ్ళు కాదు.

ఒకరోజు పెద్దవ్వ "ఊకె కూసునే బదులు నా ఎంట రా, నీళ్ళందియ్యి" అని నన్ను ఒక ఇంటికి తీసుకుపోయింది. పుట్టి ఎనిమిది రోజులైన బాబు. బట్ట విప్పగానే నా నోరు ఆగలేదు. "అబ్బ, పెయ్యి ఎంత బొద్దుగున్నదో!" అన్నాను.

పెద్దవ్వ చెంబు కింద పెట్టింది.

"లే" అంది.

"ఏమైంది పెద్దవ్వా?"

"లేసి గాడ అరుగు మీద కూసో. నేను పిలిసేదాక రాకు."

వెళ్ళి కూర్చున్నాను. లోపల స్నానం అయింది, పొగ వేయడం అయింది, బాబు పడుకున్నాడు, ఆ ఇంటివాళ్ళు పెద్దవ్వకు చాయ్ ఇచ్చారు. నన్ను ఎవరూ పిలవలేదు. ఇంటికి నడుస్తున్నప్పుడు అడిగితే అప్పుడు చెప్పింది.

"ఇరవై ఒక్క రోజుల దాక పెయ్యి అనొద్దు పిల్లా. పానం అనాలె."

"ఎందుకు?"

"అప్పటిదాక అది ఉత్త పానమే. పెయ్యి ఇంకా అతుక్కోలేదు. నువ్వు పెయ్యినే పొగిడితె పానం అలుగుతది. నన్ను సూడనే సూడరు, దాన్నే సూస్తరు అని ఎల్లిపోతది."

"పానానికి చెవులుంటయా?"

"నీకున్నయి గద, ఏం లాభం?"

ఈ నియమం ఇంకెవరికైనా ఉందో లేదో నాకు తెలియదు. ఆత్మకూరు వాళ్ళను నలుగురిని అడిగాను, వాళ్ళు ఎప్పుడూ వినలేదన్నారు. పెద్దవ్వకు ఉండేది. ఆమెను చూసి నాకు అలవాటైంది. ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో, అంటే ఊయలలో, వేస్తారు. ఆ రోజు నీళ్ళు పోశాక పెద్దవ్వ బిడ్డ ఛాతి మీద చేయి వేసి, "ఇగ ఈ పెయ్యి నీది, మంచిగ సూస్కో" అని పానానికి అప్పజెప్పేది. కిరాయికి వచ్చినవాళ్ళకు ఇల్లు చూపించి తాళం చెవి ఇచ్చినట్టు ఉండేది.

నీళ్ళ వేడిని అరచేత్తో చూడనిచ్చేది కాదు. "అంట్లు తోమి తోమి సెయ్యి మొద్దుబారింది. అది అబద్ధం ఆడతది. మోచెయ్యి ఆడదు" అనేది. పిల్లల ముక్కులో నూనె చుక్క వేయడం, ఊదడం కూడా చేసేది. ఇప్పుడు డాక్టర్లు అవి వద్దంటారు. నేను మానేశాను. ఆమె మానలేదు. డాక్టర్ల ముక్కుల్లో కూడా ఎవరో ఒకరు నూనె వేసే ఉంటారని ఆమె మాట. చివరి చెంబు నీళ్ళు బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పి, "సల్లగుండు, నూరేళ్ళు బతుకు" అని పోసేది. నేను కూడా అట్లాగే పోస్తాను. ఎన్ని వేలసార్లు అన్నానో, ఇప్పుడు ఆ మాట నా నోటిది కాదు, చెంబుదే అన్నట్టు వస్తుంది.

ఇంకొకటి ముందే చెప్పాల్సింది. పిల్లలకు నీళ్ళు పోసే చేయి శవాన్ని ముట్టకూడదు. ముట్టినామెను బాలింత ఇంట్లోకి రానివ్వరు. కొందరు పదకొండు రోజులు అంటారు, కొందరు అసలే వద్దంటారు. పెద్దవ్వ తన భర్త పోయినప్పుడు కూడా దూరంగా నిలబడి ఏడ్చింది. ఆమె ఆడబిడ్డ ఆ సంగతి ప్రతి పండక్కీ ఎత్తిపొడిచేదట.

రెండేళ్ళ కింద పెద్దవ్వకు కుడిపక్క పడిపోయింది. ఆమె ఇళ్ళన్నీ నాకు వచ్చాయి. నేను ఇళ్ళు తిరిగి వచ్చి, మధ్యాహ్నం ఆమెకు కూడా నీళ్ళు పోసేదాన్ని. బండి కాడ ఉండే కోడలికి తీరేది కాదు. వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి పోసేవాళ్ళం. కుడి చేయి కిందికి వేలాడేది. దాన్ని చూసి పెద్దవ్వ, "గిది ఇగ పెయ్యే. దీంట్ల పానం లేదు" అంది.

నేను ఆ చేయికి ఊరికే రెండు చెంబులు పోసి ఎడమ చేయి వైపు వచ్చాను.

"ఏమే, మోచెయ్యి పెట్టి సూసినవా?"

"ఆ చేతికి తెల్వదు గద పెద్దవ్వా."

"దానికి తెల్వదని కాగినయి పోస్తవా? దానికి తెల్వదు, నీకు తెల్వదా?"

మళ్ళీ మోచేయి పెట్టి చూసి పోశాను. అదే రోజు తల తుడుస్తుంటే అడిగింది.

"బిడ్డా, నేను పోతె నువ్వే నీళ్ళు పొయ్యాలె."

"సరే" అన్నాను. తల తుడుస్తూ అన్న మాట అది. తర్వాత గుర్తొచ్చింది. "నేను పోస్తె మల్ల నన్ను ఎవరు పిలుస్తరు పెద్దవ్వా?"

"పిలువరు" అంది. ఆమెకు నా కన్నా బాగా తెలుసు. "గని ఆళ్ళు బిందెలు తెచ్చి గుమ్మరిస్తరు. నేను సూసిన. కాగినయో సల్లటియో ఎవ్వడు సూడడు. ఇంతమందికి మోచెయ్యి పెట్టి పోసినదాన్ని, నాకు ఒక్కసారి పొయ్యరాదా?"

గుమ్మంలో చిక్కుళ్ళు ఏరుకుంటున్న కోడలు తల ఎత్తకుండానే అంది. "సచ్చినంక గూడ నీకు సోకులేందత్తా?"

"నువ్వు పోస్తవా మరి?"

"నేను పోస్తె కూరగాయలు కడిగినట్టు పోస్త."

"ఇన్నవా బిడ్డా?" అంది పెద్దవ్వ నాతో.

మాట ఇచ్చినట్టే అయింది. తీసుకున్నట్టే ఆమె ఊరుకుంది. నేను మాత్రం ఆమె ఇంకా పదేళ్ళు ఉంటుందిలే అనుకున్నాను.

తర్వాత కోదాడ ఇల్లు వచ్చింది. టీచరమ్మకు పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన ఆడపిల్ల. పురుటికి కోదాడలో తల్లిగారింట్లో ఉంది. సూర్యాపేటలో నేను నీళ్ళు పోసిన ఒక ఇంటివాళ్ళు చెబితే పిలిచారు. అంత దూరం నుంచి నన్ను పిలిచిన ఇల్లు అదే మొదటిది. బస్సులో గంట ప్రయాణం. ఈ ఇల్లు బాగా జరిగితే కోదాడలో ఇంకో రెండు ఇళ్ళు దొరుకుతాయని నాకు ఆశ. మా ఆయన నడుముకు మిల్లు పని ఇక ఎన్నాళ్ళో ఆగేట్టు లేదు.

టీచరమ్మ తల్లికి మైల పట్టింపు ఎక్కువ. నన్ను వరండాలోనే కాళ్ళు కడిగించి, వాళ్ళిచ్చిన ఉతికిన చీర కట్టించి లోపలికి రానిచ్చేది. ఆమెది జగ్గయ్యపేట వైపు మాట.

"ఒళ్ళు బాగా రుద్దమ్మాయ్, గట్టిపడాలి" అంది మొదటి రోజు.

"ఒళ్ళు అనొద్దమ్మా. ఇరవై ఒక్క రోజుల దాక పానం అనాలె."

"పిల్లని పట్టుకుని ప్రాణం ప్రాణం అంటావేంటి, భయమేస్తోంది. అయినా మీ రూలు పెయ్యికేగా? నేను ఒళ్ళన్నాను."

సాయంత్రం వెళ్ళి పెద్దవ్వను అడిగాను. అప్పటికి ఆమె మంచం మీదే ఉంది, మాట తగ్గిపోయింది. అయినా దీనికి నోరు తెరిచింది.

"ఒళ్ళంటె ఏంది మల్ల? పెయ్యే గద. పానానికి కోదాడ మాట గూడ వస్తదని జెప్పు."

తెల్లారి వెళ్ళి అట్లాగే చెప్పాను. టీచరమ్మ నవ్వింది. తల్లి నవ్వలేదు, కానీ ఆ రోజు నుంచి పిల్ల ముందు ఒళ్ళు అనలేదు. "ఇది రుద్దు, అది రుద్దు" అనేది.

నేను వెళ్ళిన మూడో రోజు, పిల్లకు పదో రోజు. పిల్ల నా కాళ్ళ మీద ఉంది, చేతుల నిండా నూనె. నా ఫోను గూట్లో మోగింది. ఎత్తమని టీచరమ్మకు చెబితే స్పీకర్ పెట్టింది. పెద్దవ్వ కోడలి గొంతు.

"జీవి పోయింది" అంది. వెంటనే "బిందెలు తెచ్చిర్రు. ఆపాల్నా?" అంది.

"ఆపు" అన్నాను.

టీచరమ్మ తల్లి వింది. నేను పని ఆపలేదు. పిల్ల ఒంటి మీద నూనె ఉండగా ఎక్కడికి లేస్తాను? పిండి రుద్దాను, నీళ్ళు పోశాను, పొగ వేశాను, పిల్లను తల్లి చేతికి ఇచ్చాను. అప్పుడు టీచరమ్మ తల్లి అడిగింది.

"ఆవిడ నీకేమవుతుంది?"

"ఏం కాదమ్మా. పని నేర్పింది."

"ఏం కానప్పుడు దూరం నుంచి చూసి వచ్చెయ్. ఇంటికెళ్ళి తలస్నానం చేసి రేపు రా. నేనేమీ అనను."

ఆమె నిజంగానే మంచికి చెప్పింది. నేను అబద్ధం చెప్పొచ్చు. చూసి వచ్చానంటే ఎవరు అడుగుతారు? కానీ ఆ పిల్ల మీద మళ్ళీ చేయి వేయాలి కదా. అబద్ధం చెప్పిన చేత్తో వేయబుద్ధి కాలేదు.

"నీళ్ళు నేనే పోస్తానని చెప్పిన్నమ్మా" అన్నాను.

ఆమె పిల్ల వైపు చూసింది. టీచరమ్మ నేల వైపు చూసింది.

"అయితే రేపటి నుంచి వేరే ఆవిణ్ణి చూసుకుంటాం" అంది తల్లి. వాళ్ళిచ్చిన చీర విప్పి మడిచి వరండాలో పెట్టి, నా చీర కట్టుకుని బస్సెక్కాను.

పెద్దవ్వ ఇంటి ముందు టెంటు వేశారు. స్తంభానికి అప్పుడే ఫ్లెక్సీ కట్టారు. ఆమెకు ఉన్న ఫోటో ఒక్కటే, ఎవరిదో తొట్టెల రోజు బిడ్డను ఎత్తుకుని దిగింది. ఫ్లెక్సీ షాపువాడు బిడ్డను తీసేసి ఆమెను ఉంచాడు. ఒక పాదం మాత్రం మిగిలిపోయింది. పెద్దవ్వ భుజం దగ్గర ఎవరిదో చిన్న పాదం, కింద ఆత్మకు శాంతి కలగాలని పెద్ద అక్షరాలు.

ఒక కుర్రచుట్టం ఫోనులో "బాడీ రెడీ కాలేదన్నా, ఒకామె రావాలంట" అని చెబుతున్నాడు. ముసలివాళ్ళు పీనుగు అంటున్నారు. ఆడబిడ్డ శవం అంటోంది. కోడలు ఎవరితోనూ ఏమీ అనకుండా బిందెల ముందు కూర్చుని ఉంది, ఎవరినీ ముట్టనివ్వకుండా. నన్ను చూసి లేచింది.

"అత్త నీ కోసమే ఆగింది" అంది.

మూడు ఇటుకల మీద నీళ్ళు కాగుతున్నాయి. ఆడవాళ్ళు నాలుగు చీరలు అడ్డం పట్టారు. నేను బకెట్లో వేడినీళ్ళు, చల్లనీళ్ళు కలిపి మోచేయి పెట్టాను. కాలింది.

"సల్లనీళ్ళు తేరి" అన్నాను.

చీరల అవతలి నుంచి ఒక పెద్దాయన, పెద్దవ్వకు మరిది, విసుక్కున్నాడు. "ఆమెకేం కాల్తది, కానియ్యమ్మా! పొద్దు పోతుంది."

"నాకు కాల్తుంది బాబాయ్" అన్నాను.

కోడలు చల్లనీళ్ళు తెచ్చింది. మళ్ళీ మోచేయి పెట్టి చూశాను. సరిపోయింది. అప్పుడు పోయడం మొదలుపెట్టాను.

చేయి ఎత్తు పెద్దవ్వా, అంటూ పోశాను. అది నా అలవాటు. పిల్లలతో కూడా అట్లాగే మాట్లాడుతూ పోస్తాను, లేకపోతే నా చేతులు కదలవు. ముందు పడిపోయిన చేయికి పోశాను, తర్వాత బాగున్న చేయికి. ఆ రోజు రెండూ ఒకే బరువుగా ఉన్నాయి. తలకు పోశాను, చెవి వెనుక కడిగాను, వేళ్ళ సందులు కడిగాను. వేళ్ళ సందుల్లో ఇంకా నూనె వాసన ఉంది. చీరలు పట్టుకున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి చూస్తున్నారు. చివరి చెంబు తీసుకున్నాను. చుట్టూ మూడుసార్లు తిప్పాను.

"సల్లగుండు, నూరేళ్ళు బతుకు" అన్నాను.

పోసేశాను కూడా.

చీరల లోపల ఎవరూ మాట్లాడలేదు. చీరల బయట కూడా మాట్లాడలేదు. నా మాట అంత గట్టిగా వినబడిందన్నమాట. ముందుగా ఆడబిడ్డ తేరుకుంది.

"ఓ యవ్వో, శవాన్ని బతుకుమంటున్నదే!"

"నోరు జారింది" అన్నాను.

"జారితె ఎట్ల? పానం ఇనదా? మల్ల ఇంట్లకే వస్తది!"

మరిది చీరల దగ్గరికి వచ్చి, మొహం అటు తిప్పుకునే మాట్లాడాడు. "అమ్మా, ఆ మాట వాపస్ తీస్కో."

"ఎట్ల తీస్కోవాలె బాబాయ్?"

ఆయనకు తెలియలేదు. ఇంకో ముసలాయనను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. దీవెనను వెనక్కి ఎట్లా తీసుకోవాలో ఆ టెంటు కింద ఉన్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు నా చీర కుచ్చిళ్ళ మీదికి వస్తున్నాయి. అప్పుడు కోడలు అంది.

"ఉండనియ్యిరి. వస్తె రానియ్యిరి. ఇంట్లకేం ఎక్కువ కాదు."

అని పొడి తువ్వాల నా చేతికి ఇచ్చింది. పెద్దవ్వ తల తుడిచాను.

నా మాట నాకన్నా ముందే అన్ని ఇళ్ళకూ చేరింది. సూర్యాపేటలో అప్పుడు నేను పోస్తున్న ఇళ్ళు రెండు. ఒకరు ఫోను చేసి, పిల్లాడికి జలుబు చేసింది, కొన్నాళ్ళు ఆగుదామన్నారు. ఇంకొకరు ఫోను ఎత్తలేదు. ఆదివారం మా ఆయన వచ్చాడు. చెప్పులు విడుస్తూనే అడిగాడు.

"సచ్చినామెను నూరేళ్ళు బతుకుమన్నవంట?"

"నీకెట్ల తెల్సింది?"

"మిల్లు దాక వచ్చింది ఆ మాట. నాకు గూడ ఓసారి అను, నడుము పట్టేసింది."

తర్వాత "మిల్లుల వడ్లు ఆరబోసే కాడ ఊడ్సే పని ఉన్నది, వస్తవా?" అన్నాడు. వెళ్ళాను. ఊక దుమ్ము మెడ చుట్టూ, మోచేతుల మడతల్లో చేరి దురద పెడుతుంది. అక్కడ పెయ్యి, పానం లేవు. నడుము, రెక్కలు ఉంటాయి. "నీ రెక్కలు ఎన్ని రోజులు వస్తయి?" అని అడుగుతారు. మొదటి రోజు పక్కన ఊడ్చే ఆమె అన్నం తింటూ పలకరించింది.

"ఇంతకు ముందు ఏం పని చేసెటోళ్ళు?"

"పసిపిల్లలకు నీళ్ళు పోసేదాన్ని."

"మంచి పనే గదా. ఎందుకు ఇడిసిపెట్టిర్రు?"

చెప్పాను. ఆమె తన టిఫిన్ డబ్బా కొంచెం అటు జరుపుకుంది. ఊరగాయ మాత్రం వేసింది.

నేను ఇక ఇదే పని అనుకున్నాను. ఏడవలేదు. దుమ్ముకు కళ్ళు ఎట్లాగూ కారుతూనే ఉంటాయి. ఒక్కటే బాధగా ఉండేది. పెద్దవ్వ నేర్పింది నా దగ్గరే ఆగిపోతుంది. కోదాడ పిల్లకు ఇరవై ఒకటో రోజు వస్తుంది, పెయ్యిని ఎవరూ దానికి అప్పజెప్పరు. ఆ కొత్తామెకు ఈ సంగతి తెలియదు కదా.

పెద్దవ్వ పదకొండో రోజు దినానికి సూర్యాపేట వచ్చాను. భోజనాలయ్యాక కోడలిని పక్కకు పిలిచి మెల్లగా అడిగాను. "వచ్చిందా?"

"రాలేదు" అంది. "వస్తె చిక్కుళ్ళన్న ఏరిద్దామనుకున్న."

విస్తళ్ళు ఎత్తుతుంటే ఫోను వచ్చింది. టీచరమ్మ తల్లి.

"అమ్మాయ్, రేపు ఇరవై ఒకటో రోజు. ఈ కొత్తావిడ అరచేత్తో చూసి పోస్తోంది. పిల్ల చెంబు చూస్తేనే గుక్క పడుతోంది. మా అమ్మాయి నిన్నే పిలవమంటోంది. నీకు మైల పోయిందా?"

"పదకొండు రోజులైందమ్మా."

"ఆవిడ నీకేమీ కాదన్నావుగా?"

"కాదమ్మా."

ఆమె కాసేపు లెక్క వేసుకుంది. "ఏమీ కానప్పుడు పదకొండు చాలు. పసుపునీళ్ళు తల మీద పోసుకుని రా. చీర మేమే ఇస్తాం."

ఒక్క మాట దాచి వెళ్ళడం ఇష్టం లేక అడిగాను. "నూరేళ్ళు బతుకుమన్న సంగతి గూడ ఇన్నరా అమ్మా?"

"కోదాడంతా వింది. పొద్దున్నే బస్సుకి రా."

వెళ్ళాను. వరండాలో అదే చీర అట్లాగే మడిచి ఉంది. పిల్లను కాళ్ళ మీద వేసుకున్నాను. పదకొండు రోజుల్లో కాళ్ళు పొడుగు సాగాయి. నీళ్ళలో మోచేయి పెట్టాను. మిల్లు దుమ్ముకు అక్కడ తోలు రేగి ఉంది, కొంచెం వేడి తగిలినా మండింది. రెండు చెంబులు చల్లనీళ్ళు ఎక్కువ కలిపించాను. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, నీళ్ళు తగలగానే ఏడవాలా వద్దా అని ఆలోచించి, మానేసింది.

చివరి చెంబు తీసుకున్నాను. ఒకసారి తిప్పాను, రెండుసార్లు తిప్పాను, మూడుసార్లు తిప్పాను. నోరు రాలేదు. పదకొండు రోజుల కింద ఇదే మాట ఎవరి మీద అన్నానో అందరికీ తెలుసు. చెంబు పైకి పట్టుకుని అట్లాగే ఉన్నాను. నీళ్ళు చల్లారిపోతున్నాయి. టీచరమ్మ తన తల్లి వైపు చూసింది. తల్లి నా వైపు చూసింది.

"ఏవమ్మాయ్, అక్కడ అన్నదానివి ఇక్కడ అనవా?" అంది.

"సల్లగుండు, నూరేళ్ళు బతుకు" అని పోశాను.

తుడిచి, ఛాతి మీద చేయి వేశాను. కింద గబగబా కొట్టుకుంటోంది. "ఇగ ఈ పెయ్యి నీది, మంచిగ సూస్కో" అన్నాను. పిల్ల నన్ను చూడలేదు, గోడ మీద బల్లిని చూసింది.

"అయిపోయిందా?" అంది టీచరమ్మ తల్లి. "ఇక అనొచ్చా?"

"అనొచ్చమ్మా."

"అమ్మయ్య! ఎంత బొద్దుగా ఉందే దీని ఒళ్ళు, నా తల్లి! చూడు ఆ తొడలు!" అని ఆమె పిల్లను లాక్కుంది. ఇన్ని రోజులు పట్టి ఉంచిన మాట అది. చాలాసేపు అంటూనే ఉంది.

టీచరమ్మ నోటుబుక్కు ఇచ్చింది ఆ మధ్యాహ్నమే. సూర్యాపేటలో జలుబు చేసిన పిల్లాడికి జలుబు ఇంకా తగ్గలేదు. ఫోను ఎత్తని ఇల్లు ఇప్పుడూ ఎత్తదు. కోదాడలో ఇంకో ఇల్లు వచ్చింది. వాళ్ళకు నా సంగతి మొత్తం తెలుసు, అయినా రమ్మన్నారు. రోజూ బస్సుకు పోయేటప్పుడు స్తంభం మీద పెద్దవ్వ ఫ్లెక్సీ కనబడుతుంది. ఎండకు ఆమె ముఖం తెల్లబడింది. పాదం ఇంకా బాగానే ఉంది. ఎవరి పాదమో నాకు తెలియదు, నేను కూడా నీళ్ళు అందించిన పిల్లదే అయి ఉండొచ్చు.

టీచరమ్మ ఏది ఎప్పుడంటావో రాయమంది. నేను వేరే ఏదేదో రాశాను. రాస్తుంటే చేయి నొప్పి పుట్టింది, ఇది నీళ్ళు పోసే నొప్పి కాదు, వేరే చోట పుట్టింది. ఒత్తులు మరిచిపోయిన చోట మీరే పెట్టుకుని చదవండి. మా దగ్గర తప్పు చేసినవాళ్ళు పెద్దవాళ్ళను ఒకటే అడుగుతారు, నేను కూడా అదే అడుగుతున్నాను. నా తప్పులు కడుపులో పెట్టుకోండి.